రీలె గారి ఊపిరి

నెకార్ నది ఒడ్డు నుంచి,
అక్టోబరు 1979

ఎల్ఫ్రీడె అక్కా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు లేదని అలిగి కూర్చుని ఉంటావు. ఏం రాయాలో తోచక ఊరుకున్నానంతే. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు కదా, ముందే చెప్పేస్తున్నాను. నేను ఈ ఉద్యోగం వదిలేస్తున్నాను.

తిట్టేముందు మొత్తం చదువు. మా ఆర్కెస్ట్రా చాలా చిన్నది. ముందు నిలబడి చేతులూపే మనిషి లేడు. మొదటి వయొలిన్ కుర్చీలో ఉన్నవాళ్లు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలుస్తారు. అది విని మిగతావాళ్లంతా ఒక్కసారే తీగల మీద విల్లు వేస్తారు. ముప్పై ఏళ్లపాటు ఆ ఊపిరి ఆన్స్‌గార్ రీలె గారిది. యుద్ధం అయిపోయిన కొత్తల్లో, ఒక బడి గదిలో, కిటికీలకు అద్దాల్లేక అట్టలు కొట్టి, చలికి కోట్లు విప్పకుండానే ఆయన దీన్ని మొదలుపెట్టారు. వినడానికి వచ్చేవాళ్లు టిక్కెట్టుకు బదులు తలా ఒక బొగ్గు ఇటుక తెచ్చి పొయ్యి పక్కన పెట్టేవారట. కిందటి శీతాకాలం కచేరీకి వెళ్తూ వెళ్తూ ఆయన బస్సులోనే పోయారు. నిద్రపోతున్నారనుకున్నారు అందరూ. ఆ సాయంత్రం కచేరీ మాత్రం మానలేదు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంచి వాయించారు. ఎవరూ సైగ చేయకపోయినా అందరం కలిసే మొదలుపెట్టామని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఆ కుర్చీలోకే నన్ను తెచ్చారు. ఏడాది చూస్తారు, తర్వాత అందరూ చేతులెత్తి ఉంచుకోవాలో వద్దో తేలుస్తారు. డిసెంబరుతో ఏడాది నిండుతుంది.

అక్కా, నేను ఊపిరి పీల్చేలోపే నా వెనక ఎవరో పీలుస్తున్నారు. నెమ్మదిగా, చాలా పొడుగ్గా, వయసు మళ్లిన మగమనిషి పీల్చినట్టు. అందరూ దానితోనే అందుకుంటారు. నేను వెంట్రుకవాసి వెనకబడతాను. మొదట్లో గాలి అనుకున్నాను, తర్వాత వేడినీళ్ల గొట్టాల చప్పుడనుకున్నాను. ఇప్పుడు నా గదిలో ఒక్కదాన్నే సాధన చేస్తున్నా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను. చెలో వాయించే వెండెలిన్‌ను అడిగాను, నీకేమైనా వినిపిస్తోందా అని.

"నాకా? మా ఆవిడ కేకలే వినపడవు నాకు, ఇంకేం వినపడతాయి!" అన్నాడు. అని, నా వైపు చూడకుండా తీగలు బిగించుకోవడం మొదలుపెట్టాడు. నవ్వుకో, కానీ నాకు భయంగా ఉంది. వాళ్లు పంపించకముందే నేనే వెళ్లిపోతాను.

నీ ఇర్మెలా

*

నవంబరు 1979

అక్కా,

"పారిపోయేముందు ఆ పీల్చేదెవరో కనిపెట్టు, దద్దమ్మా" అని రాశావు. పౌరుషం వచ్చింది. నిన్న రిహార్సల్లో సరిగ్గా ఆ క్షణానికి గబుక్కున వెనక్కి తిరిగాను. వాల్బుర్గా గారు కనిపించారు. రీలె గారి భార్య, మొదట్నుంచీ ఇక్కడ వయోలా వాయిస్తారు. కళ్లు మూసుకుని, భుజాలు పైకెత్తి కూర్చున్నారు. దొరికారు అనుకున్నాను. దెయ్యం కాదు, పాపం ఆవిడే అనుకుంటే ప్రాణం కుదుటపడింది.

కాఫీకి లేచినప్పుడు పక్కకు తీసుకెళ్లి అడిగేశాను. "వాల్బుర్గా గారూ, ఏమనుకోకండి. మీరు నాకంటే ముందు ఊపిరి పీలుస్తున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నేనా? నేను బిగబడతాను పిల్లా. ఆయనది వినపడాలంటే నాది ఆగొద్దూ? పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే." తర్వాత నా మోచేయి పట్టుకుని గొంతు తగ్గించారు. "నువ్వే నేర్చుకున్నావనుకున్నాను, అచ్చం ఆయనలాగా. ఎంత మంచి పిల్లో అని రోజూ అనుకుంటున్నాను."

కాఫీ ఎప్పుడు తాగానో, అసలు తాగానో లేదో తెలియదు. ఆవిడ కాదు. నేను కాదు. మరి ఎవరక్కా? రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇర్మెలా

*

డిసెంబరు 1979

ఎల్ఫ్రీడె అక్కా,

ఇక దాచుకోలేక కచేరీ రోజు మధ్యాహ్నం అందరి ముందూ కక్కేశాను. పిచ్చిదన్నా సరే అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వెండెలిన్ నోరు విప్పాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"నేనే ఇర్మెలా. నీకు సాయంగా ఉంటుందని మొదలుపెట్టా. ఆ తర్వాత మానడం నా వల్ల కాలేదు. నేనొక్కణ్ణే కదా, ఎవరికి వినపడుతుందిలే అనుకున్నా."

"నువ్వా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. "నేను కదయ్యా పీల్చేది! ఆయన బస్సులో పోయిన రోజు కచేరీలో కూడా నేనే."

"ఊరుకోండి, ఆ రోజు నేను" అంది ఇంకొకావిడ.

ఒక్కొక్కరే బయటపడ్డారు. ప్రతి ఒక్కరూ ఎవరికీ తెలియకుండా, చిన్నగా, రీలె గారి ఊపిరి పీలుస్తున్నారు. అందరివీ కలిస్తే నిండు మనిషి ఊపిరి. వాల్బుర్గా గారు మాత్రమే బిగబట్టి విన్నారు, ఏడాదంతా. ఆవిడ మొహం చూడలేకపోయాను.

సాయంత్రం చర్చి నిండా జనం. విల్లు ఎత్తాను. వెనక నిశ్శబ్దం. నా కోసం అందరూ ఊపిరి ఆపుకున్నారు. ఆ చప్పుడు లేకపోవడమే ఏడాదంతా కోరుకున్నాను కదా, తీరా లేకపోయేసరికి నాకే వెనక్కి తిరిగి చూడాలనిపించింది. ఎవరో దగ్గారు. ఇక ఆగలేక నేనే పీల్చాను, పొట్టిగా, నా తొందరపాటు ఊపిరి. అందరూ దానితోనే అందుకున్నారు. అంత బాగా మేమెప్పుడూ వాయించలేదు.

మర్నాడు ఉదయం చేతులెత్తారు. ఉద్యోగం నాదే. సంచిలో కాగితం చించేశాను. వాల్బుర్గా గారి చేయి మాత్రం లేవలేదు. వరండాలో ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే వెళ్లి అడిగాను, నా వాయింపు నచ్చలేదా అని.

"చాలా బాగా వాయించావు" అన్నారు. "నిన్ను ఉంచుకుంటామని ఇంతమంది చేతులెత్తారు కదా పిల్లా. ఆయన్ని ఉంచుకుంటామనడానికి ఒక్కరైనా ఉండొద్దూ?"



నీ ఇర్మెలా