మనోడొక్కడే కాదు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. వండిన గారెల్లో నాలుగు పట్టుకుని పద్మజ గదికి వెళ్లాను. మన ప్రేమ్ బజార్ ఇంట్లో మేడ గది ఇప్పుడు ఆ అమ్మాయికి అద్దెకిచ్చాం. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడి హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తోంది. టేప్‌రికార్డర్‌లో శాక్సోఫోన్ మోగుతోంది.

"దీన్ని ఫ్రీ జాజ్ అంటరక్కా. అమెరికాల ఒకాయన, కట్టుబాట్లేం లేకుండ వాయించిండు. జర ఆగు, ఇప్పుడొస్తది," అంది.

ఉన్నట్టుండి డ్రమ్ములు ఆగిపోయాయి. శాక్సోఫోన్ ఒక్కటే మిగిలింది. రాగం వదిలేసి, గొంతు చీల్చుకుని అరిచింది. ఊపిరి అయిపోయిందనుకున్న చోట ఇంకా పైకి వెళ్లింది.

రైల్వే క్లబ్బులో ఎవరిదో పెళ్లి రిసెప్షన్ రోజు, పాట మధ్యలో నువ్వు నీ శాక్సోఫోన్ మీద వాయించింది ఇదే! జనం నవ్వారు. "ఏట్రా, పిచ్చెక్కీసినాదేటి?" అని బ్యాండ్ మాస్టారు నిన్ను మాన్పించేశాడు. కావాలనే వాయించానని నువ్వెంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎక్కడో అమెరికాలో, నీ పేరైనా తెలియని ఒకాయన సరిగ్గా అక్కడికే వెళ్లాడు. దాన్ని రికార్డు చేసి దాచుకున్నారు కూడా.

పద్మజ క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. చూస్తే గుమ్మంలో అమ్మ. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడో మేడెక్కడం మానేసిన మనిషి, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"మనోడేనేటే?"

"కాదమ్మా. ఎవరో అమెరికా ఆయన."

అమ్మ గడప మీద కూలబడి, పాట అయ్యేదాకా కదల్లేదు.

"అయితే మనోడొక్కడే కాదన్నమాట," అంది. కళ్లు తుడుచుకుని పద్మజ వైపు చూసింది. "ఇంకోపాలెయ్యి తల్లీ."