ఓడ అడుగు

బుధవారం, విల్లియనూరు

ఈ రోజు క్లాసులో, నీళ్ళ అడుగున నిలబడినట్టు చూపించే వీఆర్ కళ్ళజోడుతో సముద్రం పాఠం చూపించాను. అది పెట్టుకోగానే ఒక్కో ఆడపిల్లా తడుస్తుందని పావడా పైకి పట్టుకుంది. నవ్వు ఆపుకోలేకపోయాను. భార్గవి మాత్రం చేపల్ని వదిలేసి, తల పైకెత్తి అలాగే నిలబడింది.

"ఏంది పాపా, యాడ చూస్తుండావు?"

"మా నాయన షిప్పు అడుగు కనబడతాదేమో అని, మిస్."

సరుకుల ఓడలో పనికి వెళ్ళిన వాళ్ళ నాన్న గడిచిన రెండు దీపావళులకీ రాలేదు. గంట కొట్టినా ఆ కళ్ళజోడు తీయమనడానికి నాకు నోరు రాలేదు. పిల్లలు వెళ్ళాక నేనూ పెట్టుకుని పైకి చూశాను. ఉత్త వెలుగు.

రేపు రేవు పాఠం. దాన్ని ఇందాకే ముందుగా చూసుకున్నాను. ఓడలు ఎంత బాగా చేశారో. ఒక్కదాని మీదా మనిషి లేడు.