మధ్యాహ్నం 12.40

సెప్టెంబర్ 4, 2019, బుధవారం

నోటీసు వచ్చింది. నవంబర్ ముప్పైకల్లా ఖాళీ చేయాలి. డిసెంబర్‌లో మూడు వరుసల ఇళ్ళూ కూలగొడతారు. రెండేళ్ళుగా తెలిసిన సంగతే. అయినా కాగితం చేతికొస్తే రెండుసార్లు చదివాను.

సాయంత్రం పేట సంఘం నుంచి కొరినా వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇళ్ళు పోయేలోపు మా పేట ష్వామెండింగెన్ చరిత్ర మీద చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నారట. ఈ ఇంట్లో అందరికన్నా పాతకాపును నేనే కాబట్టి రెండు పేజీలు రాసివ్వాలట. నేను ట్రామ్ నడిపినవాణ్ణి తల్లీ, నాకెందుకు రాతలు అన్నాను. నడిపిన దారి గురించే రాయండి అంది. గడుసుపిల్ల.

సెప్టెంబర్ 7, శనివారం

మూడు రోజులు కూచుంటే ఇంత వచ్చింది:

ఒకప్పుడిది పల్లె. 1934లో జ్యూరిచ్‌లో కలిపారు. ఆవులు మేసిన చోట మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. ఇంటికీ ఇంటికీ మధ్య పచ్చిక, ఆపిల్ చెట్లు. ఊళ్ళోవాళ్ళకి మేమంటే ఎప్పుడూ చిన్నచూపే. ఎక్కడుంటారని అడిగేవారు, చెప్పగానే మాట మార్చేవారు. 1980లో హైవేని మా కిటికీల ముందు నుంచే తెచ్చారు. ఇప్పుడు దానికి కప్పు వేసి పైన తోట పెడుతున్నారు. తోట వస్తోంది కాబట్టి ఇళ్ళు పాతబడ్డాయట. నలభై ఏళ్ళు పొగ పీల్చింది మేము, తోటలో షికారు చేసేది ఇంకెవరో.

చించేయాలి. ఏడుపుగొట్టు రాత.

సెప్టెంబర్ 11, బుధవారం

అసుంతా సూపు తెచ్చింది. బీన్స్, కాబేజీ, ఎండు రొట్టె ముక్కలు. నా భార్య ఎల్స్‌బెత్ పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచి ప్రతి బుధవారం తెస్తోంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా కింది ఫ్లాట్ నుంచి గిన్నె పట్టుకుని రెండంతస్తులు ఎక్కుతుంది. నేను దిగి వస్తానంటే వినదు. నన్ను ట్రాము గారూ అంటుంది. ఏంటి ట్రాము గారూ, స్టాపు రాకుండానే ఆగిపోయారు, గిన్నె ఖాళీ చేయండి అంటుంది.

చరిత్ర రాస్తున్నానని చెప్పాను. రాయండి, ఆ బెన్సిగర్‌గాడి పేరు కూడా రాయండి అంది. బెన్సిగర్ మా పాత కేర్‌టేకర్. ఇక ఆ కథంతా మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పట్లో ఇటలీ నుంచి పనివాళ్ళు రావచ్చు, వాళ్ళ పిల్లలు రాకూడదు. చట్టం. అసుంతా లాండ్రీలో, మొగుడు రొక్కో కాంక్రీటు పనిలో. మా ఇంటి నెత్తిమీద అటక గది అద్దెకు తీసుకుని, ఆరేళ్ళ లొరెదానాని అందులో దాచారు. అయిదు నెలలు. 1971లో పోలీసులు వచ్చారు. పిల్లని సరిహద్దు అవతల సన్యాసినుల హోమ్‌లో వదిలారు, అక్కడి నుంచి దక్షిణ ఇటలీలో, లెచ్చే ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపారు. కాగితాలన్నీ కుదిరి, కింది ఫ్లాట్‌కి మారి, పిల్లని రమ్మనేసరికి దానికి పదమూడేళ్ళు. రానంది.

బెన్సిగర్ కిటికీలో పిల్లని చూసి పట్టించాడని అసుంతా నమ్మకం. అతను పోయి పాతికేళ్ళు దాటింది. ఇక్కడ ఇరవై ఏళ్ళు నిండితే సమాధి తీసేస్తారు, అతనిదీ తీసేశారు. వాడి సమాధైనా పోయింది గానీ నా కడుపుమంట పోలేదు ట్రాము గారూ అంది. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ లొరెదానా ఆమెనే అమ్మా అందట. కన్నతల్లిని మీరు అంటుందట. నన్ను, నన్ను మీరు అంటుంది, పోస్టాఫీసులో మనిషిని అన్నట్టు అంది.

సూపు బాగుందన్నాను.

సెప్టెంబర్ 19, గురువారం

బట్టలుతికే గది అల్మారాలో, పాత నోట్‌బుక్కుల మధ్య, 1971ది దొరికింది. ఎప్పుడో పోయుంటుందనుకున్నాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆ గదిలో మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడేది. ఎవరి ఉతుకు రోజు ఎప్పుడు, ఎవరు తొట్టి కడగకుండా పోయారు, ఎవరు ఆదివారం బట్టలు ఆరేశారు, అన్నీ అందులో రాసేవాళ్ళం. మొహం మీద ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. రాసేవారు. బెన్సిగర్ చదివి చూసుకునేవాడు. పన్నెండు నుంచి రెండు దాకా విశ్రాంతి వేళ. మేకు కొట్టకూడదు, తివాచీ దులపకూడదు. నాకు వేకువ షిఫ్ట్, మధ్యాహ్నం నిద్ర.

1971 మార్చి 9, మంగళవారం. నా చేతిరాతే:

‘మధ్యాహ్నం 12.40. పై గదిలో అడుగుల చప్పుడు. అటూ ఇటూ. విశ్రాంతి వేళ. దయచేసి గమనించగలరు. హైనర్ ఫ్రెయ్.’

ఎంత మర్యాదగా రాశాను. దయచేసి.

పై గదిలో ఇద్దరూ పనికి పోతారని నాకు తెలుసు. మరి ఎవరు నడుస్తున్నారని ఆలోచించానా? లేదు. గడియారం చూశాను. తొమ్మిది రోజుల తర్వాత పోలీసులు పిల్లని మెట్ల మీద నుంచి దించారు. రొక్కో కోటు చుట్టారు. కాళ్ళకి మేజోళ్ళే, బూట్లు లేవు. నేను యూనిఫామ్‌లో గుమ్మంలో నిలబడ్డాను. టోపీ తీయాలో వద్దో తెలియలేదు. ఎల్స్‌బెత్ నువ్వేమైనా రాశావా అని అడిగింది. లేదన్నాను. ఆమె పోయేదాకా అదే మాట మీద ఉన్నాను.

అక్టోబర్ 2, బుధవారం

సూపు తాగాను. చెప్పలేదు.

అక్టోబర్ 9, బుధవారం

ఉప్పు ఎక్కువైందా, మొహం అలా పెట్టారు అని అడిగింది. లేదు, సరిపోయింది అన్నాను.

అక్టోబర్ 14, సోమవారం

కొరినా నోట్‌బుక్కులన్నీ తీసుకెళ్ళింది. గాజు పెట్టెలో పెడుతుందట. తొట్టిలో వెంట్రుకల గురించి ఇద్దరు పెద్దమనుషులు మూడు పేజీలు తగువులాడుకున్నారండీ అని పడీ పడీ నవ్వింది. ఇదే అసలు చరిత్ర అంది. 1971లో ఒక పేజీ లేదేమిటి అని అడిగింది. తడిసిపోయిందన్నాను.

పేజీ నా చొక్కా జేబులో ఉంది. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. యాభై ఏళ్ళ అలవాటు కదా.

అసుంతా వచ్చే నెల కూతురి దగ్గరికి కాదు, ఊరి బయట వృద్ధుల ఇంటికి పోతుంది. నేను విన్టర్‌టూర్‌లో చెల్లెలి దగ్గరికి. ఇంకో ఆరు వారాలు నోరు మూసుకుంటే చాలు, ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఈ లెక్క నేనే వేశాను. వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబర్ 2, శనివారం

పోయినవాళ్ళ రోజు. అసుంతా శ్మశానానికి తోడు రమ్మంది. రొక్కోకి చామంతులు, ఎల్స్‌బెత్‌కి చామంతులు. తర్వాత ఆ మోకాళ్ళతోనే చివరి వరుస దాకా నడిచింది. బెన్సిగర్ ఉన్న చోట ఇప్పుడు పచ్చిక. అక్కడ ఆగి, నీకు పువ్వు లేదురా, నీ కళ్ళు పోను అంది. ప్రతి ఏడాదీ అంటుందట. గడ్డికి చెప్తుందట.

పాపం బెన్సిగర్. ముసలోడు నోట్‌బుక్‌లో ఉన్నది చదివి తన పని తను చేశాడు.

ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో కూచుని జేబులోంచి పేజీ తీశాను. జర్మన్ చేతిరాత ఆమె చదవలేదు. నేనే చదివాను. చివర పేరుతో సహా చదివాను.

మళ్ళీ చదవండి అంది. చదివాను. టైమెంత అంది. పన్నెండు నలభై అన్నాను. కిటికీ అని ఎక్కడైనా ఉందా అంది. లేదు, అడుగులే అన్నాను.

చాలాసేపు బల్ల మీద చేత్తో పిండి తుడుస్తున్నట్టు తుడిచింది. బల్ల మీద ఏమీ లేదు. తర్వాత చెప్పింది. నేనే నడవమన్నాను దాన్ని అంది. మా ఊళ్ళో మధ్యాహ్నమంటే గిన్నెల మోత, పిల్లల గోల, దేవుడు దిగొచ్చి అరిచినా వినపడదు. ఇక్కడా అంతే అనుకున్నాను. రోజంతా మంచం మీదే ఉండు, పన్నెండు గంట కొట్టాక మాత్రం లేచి నడువు, కాళ్ళు పట్టేస్తాయి, అప్పుడు ఎవరికీ వినపడదు అని చెప్పాను. అది చెప్పింది చెప్పినట్టు చేసింది.

సన్యాసినుల హోమ్‌కి చూడబోయినప్పుడు దాన్ని కొట్టాను అంది. కిటికీ దగ్గరికి పోయావు, వాడు చూశాడు అని కొట్టాను. పోలేదమ్మా, ఒట్టు, పోలేదు అంది. అబద్ధాలు కూడానా అని ఇంకోటి వేశాను. ఆ తర్వాత అది నన్ను అమ్మా అని పిలవలేదు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మీరు ఇక వెళ్ళండి అంది. ట్రాము గారూ అనలేదు. యాభై ఏళ్ళ నా బరువు దించుకుందామని పోయి, అంతకు రెండింతలు ఆమె నెత్తిన పెట్టి వచ్చాను.

నవంబర్ 6, బుధవారం

ఎవరూ రాలేదు.

నవంబర్ 13, బుధవారం

బ్రెడ్డు, చీజు. కింద ఆమె తలుపు దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఎందుకో తెలియదు.

నవంబర్ 20, బుధవారం

వచ్చింది. చేతిలో గిన్నె లేదు. నిలబడే మాట్లాడింది. ఆ కాగితం ఇవ్వండి అంది. ఇచ్చాను. లొరెదానాకి ఫోన్ చేసి మొత్తం చెప్పిందట. నువ్వు అబద్ధం చెప్పలేదే తల్లీ, నేనే అన్యాయంగా కొట్టాను అందట. కూతురు ఒకటే అడిగిందట: ఆ గది ఇంకా ఉందా?

పది రోజులుంటుంది అని చెప్పిందట.

మిమ్మల్ని క్షమించాననుకోకండి అంది. అనుకోవడం లేదన్నాను. మెట్ల దగ్గర ఆగి, ఏమన్నా తింటున్నారా లేదా అని అడిగింది. జవాబు వినకుండానే దిగిపోయింది.

నవంబర్ 22, శుక్రవారం

కొరినాకి రెండు పేజీలు ఇచ్చేశాను. ఆపిల్ చెట్లూ, హైవే అన్నీ కొట్టేశాను. ఈ పేటలో మధ్యాహ్నాలు చాలా నిశ్శబ్దంగా ఉండేవి అని మొదలుపెట్టి, 1971 పేజీలో ఏముందో, అది ఎలా పోయిందో అన్నీ రాశాను. పేరు కూడా పెట్టాను. ఇది గోడ మీద పెట్టమంటారా, నిజంగానేనా అని మూడుసార్లు అడిగింది. పెట్టమన్నాను. ఈసారి నవ్వలేదు.

నవంబర్ 27, బుధవారం

సూపు లేదు. రేపు పొద్దున రైలుకి లొరెదానా వస్తోందని అసుంతా కింద నుంచే కేకేసి చెప్పింది. పై గది తాళంచెవి నా దగ్గరే ఉంది. గది ఊడ్చి, తలుపు తీసి ఉంచాను.

నవంబర్ 28, గురువారం, మధ్యాహ్నం 12.40

అసుంతా నా వంటింట్లో కూచుని కప్పు వంక చూస్తోంది. పై గదిలో అడుగుల చప్పుడు. అటూ ఇటూ. ఫిర్యాదు లేదు.