కుచ్చిళ్ళ పక్కన వేసిన గుర్తు

ధర్మవరం కాపురస్తురాలు, కీర్తిశేషులు ఓబన్న భార్య, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన కదిరమ్మ అనే నేను, అనంతపురంలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి అనుమానమున్నవాళ్ళు వచ్చి నన్ను పందొమ్మిదో ఎక్కం అడగవచ్చు.

రేపు నాకు కడుపులో గడ్డ తీసే పెద్ద ఆపరేషన్. పూర్వం గర్భసంచి తీసినప్పటి మచ్చల వల్ల పొత్తికడుపులో పేగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఆ గడ్డకూ అంటుకున్నాయి. విడదీసేటప్పుడు పేగు చిరిగి, వెంటనే కుట్టే వీలు లేకపోతే, దాని కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం పోవడానికి సంచి అతికిస్తారు. ఏదీ దాచకుండా చెప్పిన డాక్టరమ్మకు నా కృతజ్ఞతలు.

1. నేనుంటున్న ఇల్లు నా కొడుకు నరేంద్రకూ కోడలు సునందకూ ఉమ్మడిగా చెందాలి. ఒక్కరి సంతకంతో అమ్మకూడదు. నరేంద్ర నా ముందు ఏనాడూ గొంతు పెంచలేదు. అలాంటి కొడుకు దొరకడం అదృష్టం. అతనిలో ఒకటే లోపం: నన్ను అడగకుండా నా అభిప్రాయం ఊరందరికీ చెప్తాడు.

2. మా ఆయన నేసిన వంకాయరంగు పట్టుచీర మనవరాలు పద్మప్రియకు. పట్టు నూలు చిక్కుపడితే నేను విసుగుతో లాగేదాన్ని. ఆయన మాత్రం, "లాగద్దే, వదులు చెయ్యి. తెగితే అతుకుదాం, దాందేముండాది" అనేవాడు. అలా అతికిన పోగు ఆ చీర కొంగులో ఉంది. దాన్ని ఎవరూ లోపమనకూడదు.

3. నీళ్ళు పట్టుకునే ఇత్తడి గంగాళం మా వదిన తిరుపాలమ్మకు. కదిరమ్మ నీళ్ళకు కూడా తాళం వేస్తుందని ఆమె పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించేది. నిజమే, కరువేళ వేశాను. తాళంతో సహా ఇస్తున్నాను.

4. ఈ అంశం నేను బతికుండగానే అమలు కావాలి. "వీలునామా సచ్చినాకనే చెల్లేది టీచరమ్మా" అని వకీలు అన్నాడు. తెలుసు. అందుకే ఆసుపత్రి ఒప్పుకోలు కాగితంలోనూ ఇదే రాసి సంతకం చేశాను. కానీ మా ఇంట్లో ఒప్పుకోలు కాగితాలు ఎవరూ చదవరు, వీలునామా అంటే అందరూ చదువుతారు.

మొన్న వరండాలో నరేంద్ర డాక్టరమ్మతో, "మాయమ్మ శుభ్రమంటే ప్రాణమిడుస్తాది మేడమ్. సంచి పెడితే బతకదు. ఏమైనా కానీ, అది మాత్రం వద్దు" అన్నాడు. తలుపు ఇవతల నుంచి విన్నాను. అతని తప్పేమీ లేదు. ఆ ఇంటికి మడీ శుభ్రమూ నేర్పింది నేనే. ఆరోజుకు నా మాట కూడా అదే.

మరునాడు ఉతికిన చీర కోసం బ్యాగు తెరిస్తే కొత్త లంగాలు కనిపించాయి. బొందు జానెడు పైకి ఉంది. ఎడమ పక్క మెత్తటి నూలుగుడ్డతో లోపల సంచి పట్టేంత జేబు ఉంది. సునందను అడిగాను. "నువ్వు ఒప్పుకుంటే కావల్ల గదత్తా. ఒప్పుకోకుంటే ఇల్లు తుడుచుకుంటా" అంది. ఆమెకు ఆ పని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో నేను ఆమె కుట్టును ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను: కుట్టు చాలా బాగుంది.

నర్సు ఈశ్వరి ఆ లంగా కట్టించి, నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి, కుచ్చిళ్ళు నొక్కని చోట, నా కంటికి కనిపించే చోట, సంచి పెట్టాల్సి వస్తే ఇక్కడే అని పొట్ట మీద పెన్నుతో గుర్తు వేసింది. చూపించుకోవడానికి వచ్చిన ముదిగుబ్బ కుళ్ళాయప్పను కూడా పిలిచింది. అతను చొక్కా ఎత్తి తన సంచి చూపించాడు. "ఇదో అవ్వా, ఇదే. దీన్ని పెట్టుకోని దినామూ గొర్రెలెంట తిరుగుతాండా. అవే ఏమీ అనల్యా, నువ్వేంటికి అంటావు?" అన్నాడు. నవ్వితే కడుపు నొప్పి పెట్టింది, అయినా నవ్వాను.

కాబట్టి రేపు డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగితే సునంద మాత్రమే జవాబు చెప్పాలి. ఆ జవాబు: "పెట్టండి." నరేంద్ర ఆమె పక్కన నిలబడాలి, మాట్లాడకూడదు.

5. నేను సంచితో తిరిగొస్తే పై మూడు అంశాలూ ఆగాలి. భోజనాల వరుసలో నా చోట నేనే కూర్చుంటాను. నా పక్కన ప్రత్యేకంగా అగరుబత్తి వెలిగించినవాళ్ళకు ఆ పూట అన్నం లేదు. నాకు నీళ్ళు ఎక్కువ కావాలి గనుక గంగాళం ఇంట్లోనే ఉండాలి. తిరుపాలమ్మ ఓపిక పట్టాలి.

6. తిరిగి రాకపోతే, తన మాట వల్లే అత్త పోయిందని సునంద ఒక్కరోజు కూడా అనుకోకూడదు. ఆ మాట నాది. ఆమె నా బదులు పలికింది, అంతే. ఆ లంగాలు విప్పి ఇల్లు తుడవకూడదు. ఈ వార్డులో అవి అవసరమైన ఆడమనిషికి ఇవ్వాలి.

దీన్ని అమలు జరిపే బాధ్యత సునందది. ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు గనుక నావాళ్ళెవరి చేతా సాక్షి సంతకం చేయించలేదు.

అనంతపురం, 17 నవంబరు 2024, ఆదివారం.

(సంతకం) కదిరమ్మ

సాక్షులు:
1. ఈశ్వరి, నర్సు. గుర్తు వేసింది ఈమె.
2. కుళ్ళాయప్ప, ముదిగుబ్బ. చొక్కా ఎత్తింది ఈయన.