క్షమించిన గొంతు

మంగళవారం రాత్రి, ఫిల్మ్ నగర్

హీరోగారి జీవితకథ రాసే పని మీద ఈరోజు కూడా జూబ్లీహిల్స్ వెళ్లాను. చనిపోయిన కమెడియన్‌తో ఆయన స్నేహం గురించిన అధ్యాయం నడుస్తోంది. చివరి రోజుల్లో ఇద్దరికీ మాటల్లేవు. తాను ఆస్పత్రికి వెళ్లాననీ, వాడు క్షమించాడనీ ఈయన అంటారు. ఆయన అసలు రానే లేదని కమెడియన్ భార్య నిన్న ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. అందుకే ఈరోజు ఆమెను కూడా పిలిపించాను.

ఆమె ఎదుటే హీరోగారు ఆ సంగతంతా చెప్పారు. స్నేహితుడి మాట వచ్చేసరికి గొంతు మార్చేశారు. మిమిక్రీ ఆయనకు కొత్త కాదు.

"ఒరే పిచ్చోడా, నీ మీద నాకు కోపమేంట్రా? ముందు కూర్చో, కాఫీ తాగు."

అచ్చం అతనే. ఆ చిన్న దగ్గుతో సహా.

ఆమె కళ్లు మూసుకుంది.

"అమ్మా, ఇది నిజంగా జరిగిందా?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడలేదు. "ఇంకొక్కసారి అనండి అన్నయ్యగారూ," అంది.

ఆయన అన్నారు. ఆమె అడిగితే మళ్లీ అన్నారు.

"జరిగింది బాబూ. రాసుకో," అంది చివరికి.

రేపు ఈ అధ్యాయం ఇవ్వాలి. అబద్ధమని వదిలేద్దామంటే ఆమె ముఖం గుర్తొస్తోంది. అక్కడ చేసిన రికార్డింగ్ పెట్టుకుని వింటున్నాను. ఆ గదిలో ఉన్నది ముగ్గురమే. ఇందులో నలుగురు మాట్లాడుతున్నారు.