పాత అలారం వెనక తేదీ

అక్కకు,

ఆనాడు మన వంటింటి గుమ్మం మీది పొగ అలారం అసలు మోగగలిగేదేనా? ఇరవై ఆరేళ్ల తర్వాత ఇప్పుడీ ప్రశ్న నన్ను వదలడం లేదు. కుశలం అడక్కుండా ఇదేం మొదలని తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మా హాల్లో అలారం కూత ఆగిందా అని అడిగావు. ఆగింది గానీ అదో పెద్ద కథ. నిమిషానికోసారి కీచుమనేది. కొత్త బ్యాటరీ వేశాను, ఆగలేదు. దుమ్మేమోనని మెత్తటి బ్రష్‌తో దాని జాలీ తుడిచాను. లోపల్నుంచి ఒక సాలీడు, అద్దె బాకీ లేనివాడిలా తాపీగా దిగిపోయింది. మళ్లీ కీచు! కింద కుర్చీ పట్టుకున్న మీ మరిది, “రెండు డిగ్రీలున్నాయి, ఓ డబ్బా నోరు మూయించలేవా?” అన్నారు.

“ఇన్నేళ్లలో మీ నోరే మూయించలేకపోయాను, ఇదెంత?” అన్నాను.

చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి, దాన్ని ఊడదీసి, వెనకనున్న తయారీ తేదీ చూపించాడు.

“పదేళ్లు దాటింది మేడం. బ్యాటరీ కాదు, దీన్నే మార్చాలి.”

“బటన్ నొక్కితే మోగుతోందిగా?”

“అది గొంతు పరీక్షండీ. ముక్కు సంగతి అది చెప్పదు. పొగ పసిగట్టాల్సింది ముక్కే కదా!”

అతను కొత్తది బిగించి వెళ్లగానే, నాన్న మేకుల డబ్బాలో పడేసిన మన పాత అలారం వెతికి తీశాను. తిప్పి చూశాను. మంటలు లేచిన నాటికే దానికి పదమూడేళ్లు.

ప్రతి ఉత్తరంలోనూ నీ చెయ్యి ఎలా ఉందని ఎందుకడుగుతానని అడిగావు. చెబుతాను. ఆ వారం నాకు పరీక్షలు. స్నానాల గది ఆవిరికి కూడా అది గోల పెడుతోంటే, స్టూలెక్కి బ్యాటరీ తీసి నా పెన్సిళ్ల డబ్బాలో పెట్టి మర్చిపోయాను. నువ్వు పొయ్యి మీద నూనె పెట్టి పక్క గదిలో కునుకు తీశావు. మెలకువ వచ్చేసరికి నూనె అంటుకుంది, మూకుడు దించబోయి చెయ్యి కాల్చుకున్నావు. పక్కింటివాళ్లు మంటలార్పి, కాలిన చేతికి తడిగుడ్డ చుట్టి నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాక, ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. బ్యాటరీ మళ్లీ పెట్టేశాను.

మర్నాడు నాన్న బటన్ నొక్కారు. మోగింది.

“ఇంత గోల చేసినా వినపడలేదుటే? ఏం మొద్దునిద్రే నీది!”

“నాదే తప్పు నాన్నా,” అన్నావు, చేతికి కట్టుతో.

నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు నీ పిల్లలు కూడా నిన్ను ‘మొద్దునిద్ర’ అని ఆటపట్టిస్తారు. పొయ్యి కట్టేశావో లేదోనని నువ్వు మూడేసిసార్లు లేచి చూసుకుంటావట. బావగారు నవ్వుతూ చెప్పినప్పుడు నేనూ నవ్వాను.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి అడిగాను. “పదమూడేళ్లదా? మోగినా మోగొచ్చు, మోగకపోనూవచ్చు,” అన్నాడు. నువ్వు నిద్రలో వినకపోవడం మాత్రం అబద్ధం అక్కా. మోగనేలేదు. అది నాకొక్కదానికే తెలుసు.

ఆ తేదీ కంటబడకపోతే ఈ ఉత్తరం రాసేదాన్నా? నీకు నిజం చెప్పాలని రాస్తున్నానో, నాకో సాకు దొరికిందని రాస్తున్నానో తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీ చెల్లి