తాండ్ర మీద చాప అచ్చు

శీనూ,

నువ్వు ఇంటికొచ్చి నెల దాటింది. ఊళ్లో అందరూ "తెచ్చారు" అంటున్నారు. నేను మాత్రం "వచ్చాడు" అనే అంటున్నాను.

ఇప్పుడు నీకు చలి లేదు కదా? పోయిన ఏడాదంతా నాకు అదే ధ్యాస. ఎండలో మేడ మీద వడియాలు పెడుతూ కూడా నీకు చలేస్తోందేమోనని ఏడ్చేదాన్ని. మీ బావగారు నన్ను వింతగా చూసేవారు.

కార్గిల్‌లో యుద్ధం అయిపోయిందని టీవీలో చెప్పాక టెలిగ్రాం వచ్చింది. నువ్వు కనిపించడం లేదట. పోయాడని కాదు, ఉన్నాడని కాదు. కనిపించడం లేదు... ఆ మాటతో మనిషి ఏం చెయ్యాలిరా? ఏడవాలా, ఎదురుచూడాలా? అవతలివాళ్లకి చిక్కాడన్నారు కొందరు. పారిపోయి ఎక్కడో దాక్కున్నాడని ఒకడు కూశాడు. వాడి గుమ్మం ముందు నిలబడి నేను దులిపేసిన దులుపుడు వినుంటే, "అక్కా, నిన్ను బోర్డర్లో పెడితే మేమంతా ఇళ్లకి వచ్చెయ్యొచ్చే" అనేవాడివి. ఎప్పుడూ అదేగా నీ మాట.

ఇక అమ్మ సంగతి... భోజనాలయ్యాక నూతి గోడ మీద కాకులకి పిడికెడు మెతుకులు వేయడం మనింట్లో అలవాటు కదా. టెలిగ్రాం వచ్చిన రోజునే మాన్పించేసింది. కాకికి అన్నం పెడితే నీకు పిండం పెట్టినట్టేనని ఆవిడ భయం. పోనీ కాకుల్ని తోలనిచ్చేదా? అదీ లేదు. కాకి అరిస్తే చుట్టాలొస్తారు కదా! అది అరిచినప్పుడల్లా వీధిలోకి పరిగెత్తేది. ఏడాది పాటు మన కాకులు పస్తులుండి అరిచాయి, పాపం.

దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయొచ్చని పురోహితులుగారు నాన్నకి నెమ్మదిగా చెప్పారు. అమ్మ వినేసింది. "గడ్డిబొమ్మని తగలేసి నా కొడుకంటారేంటండీ?" అని లేచింది. ఆ తరవాత చాన్నాళ్లు ఆయన మన వీధివైపు రాలేదు.

ఈ వేసవిలో అక్కడ మంచు కరిగిందట. ఇదంతా మాకు చెప్పింది నిన్ను తీసుకొచ్చిన అప్పలనాయుడుగారు. మీ పటాలంలోకి కొత్తగా వచ్చిన విజయనగరం ఆయన, నీకు తెలియదు. గస్తీకి వెళ్తుంటే ఓ చరియ కింద కాకులు మూగి దేన్నో లాగుతున్నాయట. అక్కడి కాకులకి ముక్కు పసుపుపచ్చగా ఉంటుందటగా? మంచులోంచి ఎర్రటి ముక్క ఒకటి బయటికి వచ్చి ఉంది. ఎంత లాగినా తెగడం లేదు. తోటివాళ్లు బూటు తోలనుకుని ముందుకి నడిచారట. ఈయన మాత్రం వంగి చూసి, ఎదుట ఉన్నవాళ్లకి తెలుగు రాదన్న సంగతే మర్చిపోయి, "తోలేటి? తాండ్ర ఇది! చాప అచ్చు కనపడ్డం లేదేటి?" అని అరిచారట.

తవ్వితే సంచీ. సంచీ పక్కనే నువ్వు.

ఆ తాండ్ర నాదేరా. సెలవు అయిపోయి వెళ్తుంటే నేను నీ సంచీలో కుక్కింది. చాప మీద మామిడిరసం పొర మీద పొర పోసి ఎండబెట్టానా... బెల్లం ఎక్కువై, ఎండ ఎక్కువై చెక్కలా బిగిసిపోయింది. "అక్కా, దీన్ని తినాలంటే రంపం కావాలే" అన్నావు. అన్నవాడివి అంత కొండ మీదికి ఎందుకు మోశావు? అది మెత్తగా వచ్చుంటే ఎప్పుడో తినేసేవాడివి. తినేసి ఉంటే...? నా చేతకాని వంట ఇన్నాళ్లకి ఒక్కసారి పనికొచ్చింది.

రాజమండ్రి స్టేషన్లో పెట్టె దించి, వ్యానులో ఇంటికి తెచ్చారు. తెరవకూడదన్నారు. అమ్మ అరుగు దిగలేదు. "ఎవరి బిడ్డనో తెచ్చి నా బిడ్డంటే నేనెలా నమ్మనండీ?" అని కూర్చుంది. నాన్న బతిమాలారు. నీ మెడలో బిళ్ల మీద నంబరు ఉందని అప్పలనాయుడుగారు చెప్పారు. అమ్మకి నీ నంబరేం తెలుసు? అప్పుడాయన జేబులోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన తాండ్ర ముక్కని అమ్మ చేతిలో పెట్టారు.

మన తాటాకు చాపని ఓ మూల ఎలుక కొరికితే అమ్మ ఈతాకుతో అడ్డంగా కుట్టింది, గుర్తుందా? ఆ కుట్టు తాండ్ర మీద అలాగే పడి ఉంది. అమ్మ దాన్ని బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది. "నా చాపే" అంది.

అంతే, పెట్టె మీద పడిపోయింది. టెలిగ్రాం వచ్చాక అమ్మ ఒక్కసారి కూడా ఏడవలేదురా. ఆ ఏడుపు వింటుంటే నాకు ప్రాణం తేలికపడిందంటే నమ్ముతావా? నువ్వు పారిపోలేదు. ఎవరి చెరలోనూ దెబ్బలు తినడం లేదు. మంచులో లేవు. ఇంట్లో ఉన్నావు. అది చాలనిపించింది.

నాన్నే కొరివి పెట్టారు. ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వలేదు. నువ్వు పారిపోయావని కూసినవాడు కూడా వచ్చి తల దించుకు నిలబడ్డాడు. నేనేమీ అనలేదు, నీ మీద ఒట్టు.

పెద్దకర్మ రోజున గోదావరి ఒడ్డుకి వెళ్లాం. ఇంటి దగ్గర బయలుదేరేముందు అమ్మే ఆ తాండ్ర ముక్కని కత్తిపీట మీద పెట్టి, అవస్థపడి కోసింది. సగం దాచుకుంది. సగం తీసుకెళ్లి పిండం పక్కన పెట్టమంది.

కాకి మమ్మల్ని ఎంతో సేపు నిలబెట్టలేదు. వచ్చి అన్నం తింది. తరవాత తాండ్రని ముక్కుతో పొడిచింది. తిరగేసి మళ్లీ పొడిచింది. మా వంక ఓ చూపు చూసి, దాన్ని అక్కడే వదిలేసి ఎగిరిపోయింది.

మేమందరం అటే చూస్తున్నాం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"వాడేనే... రంపం అడుగుతున్నాడు" అంది.

ఇప్పుడు నూతి గోడ మీద రోజూ మెతుకులు పడుతున్నాయి. అమ్మే వేస్తోంది. వచ్చే వేసవికి బెల్లం తగ్గించి, పలచగా, మెత్తగా పోస్తాను. అదే చాప మీద. ముందు నీకే పెడతాను. అప్పుడు కూడా వంక పెట్టావో, చెప్తా నీ పని.

నీ అక్క